పసుపంటిన బెల్టు

బేరం మరీ బాగుంది. కృపావతికి నచ్చనిది అదే.

పదకొండేళ్ల డబుల్ క్యాబిన్ పికప్. ముందు ఇద్దరు, వెనక సీట్లో ముగ్గురు, ఆ వెనక సామాను తొట్టి. తుప్పు ఉండాల్సిన చోట తుప్పు ఉంది, సొట్టలు ఉండాల్సిన చోట సొట్టలు ఉన్నాయి. ధర మాత్రం బజారులో పలికేదాంట్లో సగం. పైగా ఎక్కువిస్తామని వచ్చిన ఇద్దర్ని ఓనరు తిప్పి పంపాడు. "జగ్గయ్యపేట బెన్నికే ఇస్తా" అని భీష్మించుకు కూర్చున్నాడు. మధ్యవర్తితో కబురు పెట్టేదాకా ఆ బెన్నికి ఈయన పేరు కూడా తెలీదు.

అదృష్టమన్నాడు బెన్ని. దేవుడి కృప అంది వాడి భార్య మహిమ. కృపావతి మాత్రం, "నందిగామలో ఎవరూ ఎవరికీ సగం ధరకి బండి ఇవ్వరు. పదండి, నేనూ వస్తా" అంది.

కృపావతికి యాభై నాలుగేళ్లు. పది తప్పింది. డిటెక్టివ్ అని బోర్డు లేదు, కార్డు లేదు. ఇరవై ఏళ్లు కూలీల సంఘంలో తిరిగి, ఆఫీసుల మెట్ల మీద కూర్చుని, మూసేసిన ఫైళ్లు చదవడం నేర్చుకుంది. ఊళ్లో ఎవరికి అన్యాయం జరిగినా ముందు ఆమె గుమ్మం తొక్కుతారు, తరవాత స్టేషను. ఆమె మొగుడు ఇశ్రాయేలు ముప్పై ఏళ్లు లారీ తోలాడు. ఇంజను దగ్గితే చాలు, జబ్బు పేరు చెప్తాడు.

ఇద్దరి దగ్గరా ఆర్నెల్లుగా తెరిచి ఉన్న ఫైలు ఒకటి ఉంది. బెన్ని అత్త ఆరోగ్యమ్మది.

ఫిబ్రవరి పదకొండు. తెల్లారకముందే మిరపకాయ కోతకి పోవడానికి చిల్లకల్లు దగ్గర హైవే పక్కన ఆటో కోసం నిలబడింది ఆరోగ్యమ్మ. ఏదో బండి కొట్టేసింది. స్పృహ పోయేముందు తల దగ్గర ఒక మగగొంతు వినపడింది. "ఎవరో కూలిదేలే." అంతే. కళ్లు తెరిచేసరికి నందిగామ ఆస్పత్రి. ఎవరు తెచ్చారో తెలీదు. కుడికాలు ఇక మడత పడదు. బస్సు మెట్లు ఎక్కలేదు, బైకు మీద కూర్చోలేదు. బెన్ని సువార్త మీటింగులకి సౌండ్ సిస్టమ్ కడతాడు, మహిమ బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రాలు అదే మైకులో పాడుతుంది. బాక్సులు ట్రాలీ ఆటోలో, ఆలుమగలు బస్సులో, ఆరోగ్యమ్మ ఇంట్లో. కూతురి పాట విని ఆర్నెల్లయింది ఆమె. బాక్సులూ అత్తా ఒకే బండిలో రావాలంటే డబుల్ క్యాబిన్ కావాలి. అందుకే ఈ బండి.

కూలిమనిషి కాలు పోతే ఈ దేశంలో కేసు అవదు. జాలి అవుతుంది, అంతే. కృపావతికి జాలి అంటే ఒళ్లుమంట.

పదకొండూ పదికి బండి ఓనరు జగన్నాథరావు గారి గొడ్ల చావిడి ముందు దిగారు నలుగురూ. బైకు మీద బెన్ని, ఆటోలో ఆరోగ్యమ్మ, కృపావతి, ఇశ్రాయేలు. ఆయనకి డెబ్బై దాటాయి. మూడు ఎకరాల మిరప, సోడాబుడ్డి కళ్లద్దాలు.

ఇశ్రాయేలు తాళం తిప్పి ఏసీ నొక్కాడు. ఒకటి, రెండు, మూడు. ముందు బెన్ని తుమ్మాడు. తరవాత ఇశ్రాయేలు. తరవాత జగన్నాథరావు, కళ్లద్దాలు జారిపోయేంతగా. కృపావతి కొంగు అడ్డం పెట్టుకుని నాలుగు తుమ్మింది. తలుపు పట్టుకుని నిలబడ్డ ఆరోగ్యమ్మ ఒక్కతే రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"తేజా మిరపకాయ" అంది. "ఎండు బాగా అయ్యాక ఎత్తారు."

"మూడు కాపులు మోసిందమ్మా" అన్నాడు జగన్నాథరావు ముక్కు తుడుచుకుంటూ. "దుమ్మంతా గొట్టాల్లో దూరింది."

"గొట్టాలు విప్పి కడిగేదాకా ఎవరూ ఏసీ ముట్టుకోమాకండి" అన్నాడు ఇశ్రాయేలు, ఏసీ ఆపేస్తూ. "ఇంజను మటుకు బంగారం. కాసేపు తిరగనిద్దాం, వేడెక్కాక పొగ ఎట్టా వస్తదో చూస్తా. అరే, అద్దానికి కెమెరా కూడా ఉందే!"

"మా అమ్మాయి రాజ్యశ్రీ పెట్టించింది, నేను ఎటు పోతున్నానో చూట్టానికి. రెండేళ్లుగా పనిచెయ్యదు. దానికి చెప్పలా."

కృపావతి ఈ మాటలేవీ వింటున్నట్టు లేదు. వంగి, వెనక ఎడంపక్క తలుపు కింద చూస్తోంది. అక్కడో ఇనప మెట్టు ఉంది. మిగతా మూడు తలుపులకీ లేదు.

"ఏవయ్యా, ఇది చూడు."

ఇశ్రాయేలు గోటితో గీకాడు. రంగు పెచ్చులా లేచింది. "కొత్త వెల్డింగు. నెల కూడా అయుండదు. లోపల పట్టుకోడానికి కడ్డీ కూడా ఏయించారు, భుజం ఎత్తులో."

"జగన్నాథరావు గారూ, అమ్మేసే బండికి మెట్టెందుకండి?"

"మా ఆవిడకి... మోకాళ్లు..."

అప్పుడే కమలాకుమారి గారు మజ్జిగ గ్లాసుల పళ్లెంతో వరండా మెట్లు దిగింది. నాలుగు మెట్లు. చుక్క ఒలకలేదు.

"నా మోకాళ్లకేం మాయరోగం?" అంది.

జగన్నాథరావు నేల చూపులు చూశాడు. కృపావతి నవ్వు ఆపుకుంది. అబద్ధం చెప్పడం రానివాళ్లంటే ఆమెకి ప్రేమ. అలాంటివాళ్లు ఆమె పనిని సగం తగ్గిస్తారు.

"అక్కా, నువ్వెక్కు" అంది ఆరోగ్యమ్మతో.

ఆరోగ్యమ్మ చేతికర్ర లోపలికి విసిరి, ఎడమకాలు మెట్టు మీద పెట్టి, కడ్డీ పట్టుకుంది. కుడికాలు కర్రలా చాపి ఒక్క ఊపున సీట్లో పడింది. ఆర్నెల్లలో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆమె బండెక్కడం అదే మొదలు.

"ఒరే బెన్నీ! ఎక్కానురా!"

"చూశానత్తా!" బెన్ని కళ్లు తుడుచుకున్నాడు. తుమ్ముల వల్ల కాదు.

మెట్టు ఎత్తు, కడ్డీ దూరం ఆమె కొలతే. దర్జీ కొలిచినట్టు. కృపావతి అవతలి తలుపు నుంచి ఎక్కి, "బెల్టు పెట్టుకో అక్కా" అని ఆమె వైపు బెల్టు లాగింది. బండి కొనేవాళ్లు బెల్టు మూరెడు లాగి వదిలేస్తారు. కృపావతి ఆగలేదు. చివరిదాకా లాగింది.

సీటు కవర్లు కొత్తవి. కింద రబ్బరు కొత్తది. బెల్టు మాత్రం పాతదే. చుట్టలో దాక్కున్న ఆఖరి జానెడు మీద పసుపు మరక, దాని అడుగున ఎండి నల్లబడ్డ మరక.

బెల్టు వదిలేసింది. అది సర్రున లోపలికి పోయింది.

"నన్ను కాసేపు ఇట్టాగే ఉండనియ్యి" అంటోంది ఆరోగ్యమ్మ, సీటు నిండా వాలిపోయి. "కాళ్లు చాపుకుని బండిలో పడుకుని ఎన్నాళ్లయిందో. మహిమ ఫోన్ చేస్తదిగా, ఆ ఫోన్ ఇటియ్యి. ఆ పరదాలు కూడా ఎయ్యి, ఎండ కొడతంది."

కమలాకుమారి గారు చీరముక్కతో కుట్టిన పరదాలు. కృపావతి వేసింది. తలుపు మెల్లిగా మూసింది.

*

పదకొండూ ముప్పై అయిదు. వరండా.

"బెల్టు మీద రక్తం ఉంది" అంది కృపావతి, ముందూ వెనకా లేకుండా. "ఆరోగ్యమ్మ ఆస్పత్రిలో చేరింది అయిదూ యాభై అయిదుకి. రిజిస్టరు నేను చూశా. తెల్ల బండి దింపి పోయిందని గేటు మనిషి చెప్పాడు. మీది తెల్ల బండి. ఆమె కాలికి మెట్టు కట్టించారు. ఆమె అల్లుడికే సగం ధరకి ఇస్తున్నారు. ఇంక మీరు చెప్పండి."

బెన్ని లేచాడు. మజ్జిగ గ్లాసు దొర్లింది. "అంటే... గుద్దింది నువ్వా పెద్దాయనా? గుద్ది, బండి ఇచ్చి, మా నోరు మూద్దామనా?"

"కూర్చోరా."

"ఎట్టా కూర్చోమంటావ్ ఆంటీ! ఆ బండి ఫొటోకి దండం పెట్టి అందరికీ పంపా నేను!"

"కూర్చోమన్నా." ఆమె కమలాకుమారి వైపు తిరిగింది. "అమ్మా, ఒక్కటి అడుగుతా. మీ బండి మనిషికి తగిలితే మీ ఇంట్లో ఏం చేస్తారు?"

"ఏం చేస్తాం... దిష్టి తీస్తాం. బంపరుకి పసుపునీళ్లు కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం."

"మీ బంపరు మీద పదకొండేళ్ల తుప్పు ఉంది. పసుపు చుక్క లేదు. గీత లేదు. మీరు పసుపునీళ్లు చల్లింది వెనక సీటు మీద."

కమలాకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రక్తం పడ్డ చోట చల్లకుండా ఎట్టా ఉంటానమ్మా? బెల్టు లోపల చుట్టుకుంటదని నాకేం తెలుసు?"

"విన్నావా బెన్నీ? గుద్దిన బండికి పసుపు ముందు అంటుతుంది. మోసిన బండికి వెనక అంటుతుంది. ఈ ముసలాయన మీ అత్తని గుద్దలేదు. ఎత్తుకుని ఆస్పత్రికి తెచ్చాడు."

బెన్ని కూర్చున్నాడు. ఈసారి ఎవరూ చెప్పకుండానే.

జగన్నాథరావు కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు. "కోల్డు స్టోరేజీలో బస్తాలేసి వస్తన్నా. మా అమ్మాయి ఆరింటికి లేచి తాళాలు దాస్తది. అందుకని నాలుగింటికే పోయా. కళ్లలో శుక్లాలమ్మా. లైసెన్సు ఎప్పుడో అయిపోయింది. ముందు పోయే కారు ఏదో ఆగింది, మళ్లీ పోయింది. దగ్గరికొస్తే రోడ్డు పక్కన మనిషి. ఎట్టా ఎత్తానో నాకే తెలీదు. ఆస్పత్రిలో పేరు రాయమంటే భయమేసింది. గుడ్డి ముసలాడు, లైసెన్సు లేదు. గుద్దింది నువ్వే అంటే ఎవరు కాదంటారు?"

"ఎవరూ కాదనరు" అంది కృపావతి. కాపాడినవాడు దాక్కోవాలి, కొట్టినవాడు తిరగాలి. మన రోడ్డు తీరు అది.

"అందుకే ప్రతి సోమవారం ఆస్పత్రికి పోయి దూరంగా కూర్చునేవాణ్ని, ఆమె కాలికి కసరత్తు చేయించేటప్పుడు. ఏ మెట్టు ఎక్కగలదో, ఏది ఎక్కలేదో చూసేవాణ్ని. ఊరికే ఇస్తే తీసుకోరు గదా. అందుకని సగం ధర చెప్పా."

"ముప్పాతిక అడగాల్సింది. నేను వచ్చేదాన్ని కాదు."

ఆయన చిన్నగా నవ్వాడు. తడి కళ్లతో కమలాకుమారి లోపలికి పోయి గుడ్డసంచీ తెచ్చింది. "ఆమె సామాను. ఈయన రోడ్డు మీద దొరికిందల్లా ఏరుకొచ్చాడు."

కోతకి పోయే ఆడవాళ్లు చీర మీద తొడుక్కునే మగవాళ్ల పాత చొక్కా. ఉతికి, ఇస్త్రీ చేసి, ఊడిన గుండీ కుట్టి ఉంది. తళతళ తోమిన స్టీలు క్యారేజీ. దాని పక్కన అరచేతంత ప్లాస్టిక్ ముక్క, ఎర్రమట్టి రంగుది, ఒక పక్క విరిగింది.

"ఇదేంటండి?"

"క్యారేజీ మూత గదా?" అన్నాడు జగన్నాథరావు.

ఇశ్రాయేలు దాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు. చూపు భార్య మీదికి పోయింది. ముప్పై ఏళ్ల కాపురం. ఆ చూపు చాలు.

"కారు పక్కద్దం తొడుగు" అన్నాడు చివరికి. "ఎడం పక్కది."

*

పన్నెండూ అయిదుకి ముందు గేటు దగ్గర కారు ఆగింది. దిగింది వరప్రసాదరావు.

తెల్ల చొక్కా, చంకలో తోలు సంచీ, 'ఇన్వెస్టిగేటర్' అని వేయించుకున్న కార్డు. యాక్సిడెంటు కేసులకి ప్రైవేటుగా రిపోర్టులు రాసిపెట్టే మనిషి. స్టేషన్లో ఆరోగ్యమ్మ ఫైలు మూయించింది ఈయన కాగితమే. 'ఆరు గంటల పది నిమిషాలకు సదరు స్త్రీ తనంతట తాను జారిపడినది' అని రాసిచ్చాడు. ఫీజు తీసుకోకుండా రాసిచ్చాడు. సంతకానికి కూడా రేటు చెప్పే మనిషి, ఒక కూలామె కోసం ఊరికే ఎందుకు రాశాడన్నది ఆర్నెల్లుగా కృపావతి గొంతులో ముల్లు.

"వందనాలు సిస్టర్! మీరూ ఇక్కడే ఉన్నారా? మంచిదైంది. బెన్నీ, ఈ బండి కొనమాక. మీ అత్తగారిని గుద్దిన బండి ఇదే. స్టేషన్‌కి పట్టుకుపోతున్నా."

"మీకెట్టా తెలిసిందండి ఇక్కడుందని?" అంది కృపావతి.

"మన బెన్ని స్టేటస్సులో ఫొటో చూశా. నంబరు పట్టి ఓనరు ఇల్లు కనుక్కున్నా. మొన్న మా మీటింగుకి మైకు కట్టాడుగా."

కృపావతి బెన్ని వైపు చూసింది. బెన్ని తల దించుకున్నాడు. 'దేవుని కృప వలన మా కొత్త బండి' అని నిన్న రాత్రే ఫొటో పెట్టాడు. ఇంకా కొనలేదు, చూడలేదు. మధ్యవర్తి పంపిన ఫొటోకే సాక్ష్యం చెప్పేశాడు.

"అంటే బండి కోసం వెతుకుతున్నారన్నమాట."

"న్యాయం కోసం సిస్టర్."

"జారిపడ్డ మనిషికి బండి ఎక్కడ్నుంచి వచ్చింది? మీ కాగితంలో బండే లేదుగా?"

వరప్రసాదరావు తోలు సంచీ ఈ చంక నుంచి ఆ చంకకి మార్చాడు. "కొత్త సమాచారం దొరికింది. పేపర్లు చదవడం వస్తే సరిపోదు సిస్టర్, ఫీల్డు తెలియాలి. ఈ తెల్ల బండి అయిదున్నరకి చిల్లకల్లు దాటింది. అద్దానికి కెమెరా ఉన్న డబుల్ క్యాబిన్. ఇదే."

"అయిదున్నర?"

"అయిదున్నర."

"ఆరూ పది అని రాశారు. అయిదూ యాభై అయిదుకే ఆస్పత్రిలో ఉన్న మనిషి ఆరూ పదికి రోడ్డు మీద జారిపడిందని రాశారు. ఇప్పుడు అయిదున్నర అంటున్నారు. ఈసారి టైము సరిగ్గా చెప్పారండి. తెల్లారని చీకట్లో అద్దం మీది కెమెరా కూడా చూశారు. ఎక్కడ నిలబడి చూశారు?"

"నిలబడటమేంటి? నా వెనక లైట్లేసుకుని వస్తుంటే..."

ఆగిపోయాడు.  చావిడి ముందు ఆపడం మరిచిన ఇంజను చప్పుడు ఒక్కటే.

"మీ వెనక" అంది కృపావతి మెల్లిగా. "అంటే ఆరోగ్యమ్మ పడ్డచోట ముందున్నది మీరు."

"నోరు అదుపులో పెట్టుకో! సంఘం పేరు చెప్పి కూలోళ్లని రెచ్చగొట్టుకునే దానివి, నువ్వా నన్ను అడిగేది?"

"నేనే. అడగడానికే ఉన్నా."

అప్పుడు గమనించాడు వరప్రసాదరావు, ఇశ్రాయేలు కుర్చీలో లేడని. తల తిప్పాడు. ముందు గేటు దగ్గర, తన ఎర్రమట్టి రంగు కారు పక్కన, ఇశ్రాయేలు వంగి ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ ముక్క. ఎడం పక్కద్దం తొడుగు పక్కన పెట్టి చూస్తున్నాడు. కారంతా ఎండకి వెలిసింది. ఆ తొడుగు ఒక్కటే కొత్త రంగులో మెరుస్తోంది.

"కృపా! అదే వంపు! అదే రంగు!"

కారు వైపు పోతే ఇశ్రాయేలు. వరప్రసాదరావు ఒక్క క్షణం ఆలోచించాడు. తనని చూసిన కెమెరా ఉన్న బండి, తిరుగుతున్న ఇంజనుతో, తాళంతో, చావిడి వైపు గేటుకి ఎదురుగా సిద్ధంగా ఉంది. పరిగెత్తాడు.

"ఆపండి! లోపల..." బెన్ని అరుపు పూర్తి కాలేదు. తలుపు ధన్‌మని పడింది. బండి గేటు రెక్కని రాసుకుంటూ సందులోకి దూకింది. వెనక కిటికీలో కమలాకుమారి గారి పూల పరదా ఒకసారి ఊగింది.

"అత్త!" అన్నాడు బెన్ని. "అత్త లోపలే ఉంది ఆంటీ!"

"పనికిరాని కెమెరా కోసం..." అంటూ జగన్నాథరావు గేటు వైపు అడుగులేశాడు.

పన్నెండూ పద్నాలుగు. బెన్ని బైకు కోసం, ఇశ్రాయేలు బెన్ని కోసం పరిగెత్తారు. కృపావతి నంబరు కొట్టబోయేసరికి ఫోన్ తనే మోగింది. ఆరోగ్యమ్మ.

ముందు మాట లేదు. గతుకుల చప్పుడు. ముందు సీట్లోంచి మగగొంతు, ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది.

"...కెమెరా దొరికింది. కాలవలో పడేస్తే అయిపోద్ది. ట్రాక్టర్లు అడ్డం ఉన్నయ్, నడక కంటే నెమ్మదిగా పోతన్నా. ఆ రోజు నువ్వు ఆస్పత్రికి తీసుకుపోదామన్నా నేను విన్నానా? చెప్పాగా, ఎవరో కూలిదేలే..."

 ఆ తరవాత ఆరోగ్యమ్మ గుసగుస. వణుకు లేదు అందులో. ముప్పై ఏళ్లు ఎండలో వంగి పనిచేసిన గొంతు.

"విన్నావా కృపా? అదే గొంతు. వాడే."

"విన్నా అక్కా. అన్నీ విన్నా. కదలమాక. వాడికి నువ్వున్నట్టు తెలియనీయమాక. వస్తన్నాం."

"కాలవలో పడేస్తాడంట, నా బండిలో వస్తువుని." సీటు మీద కర్ర లాగిన చప్పుడు. "కృపా, ఆ ఏసీ మీట ముందు సీట్ల మధ్యనే గదా?"

"అక్కా, వద్దు!"

"నా కర్ర అందుద్ది."

ఫోన్లో బెల్టు టక్కున పడిన చప్పుడు వినపడింది. తరవాత ఫ్యాను హోరు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది కృపావతి, తనకి తెలియకుండానే.

మొదటి తుమ్ము వినపడింది.